శక్తి కాదు, విభక్తి

ఆరోగ్యం మీద తెలుగులో వచ్చే పుస్తకాలకు అన్నిటికంటె ఎక్కువ చేటు చేసిన మాట ఏదని నన్నడిగితే "రోగనిరోధక శక్తి" అని చెబుతాను. మందుల పేర్లు తప్పుగా అచ్చువేసిన పుస్తకాలున్నాయి. మోతాదులు తారుమారు చేసినవీ ఉన్నాయి. అవి రెండో ముద్రణలో దిద్దుకోగల తప్పులు. ఈ మాటలోని తప్పు అలా దిద్దుబాటుకు లొంగదు. అది సమాసంలోనే పీట వేసుకు కూర్చుంది. శక్తి అన్న తరువాత అది ఎక్కువగానో తక్కువగానో ఉండాలి. తక్కువగా ఉన్నది పెంచుకోదగినదై ఉండాలి. పెంచే ఉపాయం ఒకరి దగ్గర ఉండాలి, కొనే అవసరం మరొకరికి ఉండాలి. ఇంత వ్యాపారానికీ పునాది ఆ రెండక్షరాల ఉత్తరపదం.

పాతికేళ్లుగా ఇంగ్లండులో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్నాను. స్వదేశం నుంచి వచ్చే మిత్రులు పచ్చళ్లతో పాటు పుస్తకాలు కూడా తెచ్చిపెడతారు. 2020 తరువాత రోగనిరోధక శక్తి మీద వచ్చిన పుస్తకాలకు నా బీరువాలో ఒక అర ప్రత్యేకించవలసి వచ్చింది. ఏ పుస్తకాన్నీ ఇక్కడ పేరుపెట్టి విమర్శించను. లోపం ఒక రచయితది కాదు, వరస మొత్తానిది. అట్ట మీద డాలు పట్టుకున్న మనిషి బొమ్మ ఉంటుంది. మొదటి అధ్యాయంలో శరీరం ఒక కోట. రెండో అధ్యాయంలో తెల్ల రక్తకణాలు సైనికులు, ప్రతిరక్షకాలు బాణాలు. మూడో అధ్యాయం నుంచి ఆ సైన్యానికి మేత: ఉసిరి, పసుపు, మిరియాలు, తిప్పతీగ, విటమిన్ బిళ్లలు. మన సమీక్షకులు ఇటువంటి పుస్తకాలను సరళమైన భాషలో ఉన్నాయని మెచ్చుకుంటారు. రచయితల మీద ఎంత ఫిర్యాదు ఉందో సమీక్షకుల మీదా నాకు అంతే ఉంది. కవితలో ఒక ఉపమానం కుదరకపోతే రెండు పేజీలు చీల్చి చెండాడే మనం, సైన్సు పుస్తకంలో ఉపమానం మొదలంటా తప్పయినా సులభంగా చదివించిందని వదిలేస్తున్నాం.

ఉపమానమే కూడదని నేననడం లేదు. సూసన్ సాంటాగ్ 1978లో "ఇల్‌నెస్ యాజ్ మెటఫర్" అనే చిన్న పుస్తకంలో జబ్బుల చుట్టూ లోకం అల్లిన రూపకాలను, కేన్సర్ గురించి మాట్లాడేటప్పుడు వాడే యుద్ధ పరిభాషను తూర్పారబట్టారు. రూపకాల నుంచి వీలైనంతగా విడివడి జబ్బును జబ్బుగా చూడడమే ఆరోగ్యకరమని ఆమె మతం. అంత దూరం నేను పోలేను. తెలుగువాణ్ణి, పోలిక లేకుండా పొడి నిజం చెప్పమంటే నాకే నోరు పెగలదు. నేనడిగేదల్లా, పోలికను ఎంచుకున్నవారు దాన్ని ఎక్కడో ఒకచోట వాస్తవానికి ఆనించి చూడాలని. కోట, సైన్యం అనే పోలికను ఆనించి చూడడానికి అన్నిటికంటె తగిన చోటు బి కణం. ప్రతిరక్షకాలను తయారుచేసేది అదే కనుక.

బి కణానికి ఆ అక్షరాన్ని ఇచ్చింది కోడి. కోడిపిల్లలో తోక దగ్గర బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. దాన్ని పసితనంలోనే తీసివేస్తే ఆ కోళ్లలో ప్రతిరక్షకాలు సరిగా తయారుకావని బ్రూస్ గ్లిక్, ఆయన సహచరులు 1956లో కోళ్ల పెంపకానికి సంబంధించిన ఒక శాస్త్రపత్రికలో ప్రకటించారు. మనుషుల్లో ఆ సంచి లేదు. మన బి కణాలు ఎముక మజ్జలో తయారవుతాయి. ఒక్కొక్క బి కణం ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తించగలదు. ఒంట్లోకి వచ్చిన సూక్ష్మజీవి మీద ఆ ఆకారం కనిపించినప్పుడు, దాన్ని గుర్తించగల కణమే ఎంపికై, తనవంటి కణాలను అసంఖ్యాకంగా పుట్టించి, ప్రతిరక్షకాలను స్రవింపజేస్తుందని మెక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించారు. ఇంతవరకు సైన్యం పోలిక కుంటుకుంటూనైనా నడుస్తుంది. తరువాతి అడుగులో పడిపోతుంది.

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టినప్పుడు గజ్జల్లో బిళ్ల కడుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ బిళ్ల వాచిన లింఫ్ గ్రంథి. మన పుస్తకాలు దాన్ని రణరంగంగా వర్ణిస్తాయి. సూక్ష్మజీవితో పెనుగులాట జరుగుతున్నది కాలి దగ్గర. గజ్జల్లో జరుగుతున్నది సంప్రదింపు. సూక్ష్మజీవి తునకను పట్టుకున్న బి కణం దాన్ని లోపల ముక్కలుచేసి, ఆ ముక్కలను తన ఉపరితలం మీద పెట్టి సహాయక టి కణానికి చూపిస్తుంది. టి కణం పోల్చుకున్నదంటే రెండు పనులు చేస్తుంది. తన మీదున్న సీడీ40 లిగాండ్ అనే ప్రోటీనుతో బి కణం మీది సీడీ40ని తాకుతుంది. అది అనుమతి. దానితోపాటు సైటోకైన్లు అనే చిన్న ప్రోటీన్లను విడుదల చేస్తుంది. అవి సూచనలు. ఇంటర్‌ల్యూకిన్లు, ఇంటర్‌ఫెరాన్లు ఈ సైటోకైన్లలోని కుటుంబాలే. ఇవి చాలావరకు పక్కనున్న కణానికి వినబడేంత దూరంలో, అత్యల్ప పరిమాణంలో, కొద్దికాలం మాత్రమే పనిచేస్తాయి. గొంతు చించుకుని ఆజ్ఞలిచ్చే సేనాపతి ఇక్కడ ఎవరూ లేరు.

ఆ సూచనల్లో ఏముంటుంది? తెలుగు వ్యాకరణాన్ని బడిలో బట్టీ పట్టిన తరానికి ఇక్కడ సైన్యం కంటె మంచి పోలిక చేతికందుతుంది. ప్రతిరక్షకం ఇంగ్లీషు వై అక్షరం ఆకారంలో ఉంటుంది. పైనున్న రెండు కొసలు సూక్ష్మజీవిని గుర్తిస్తాయి. గుర్తించిన తరువాత ఏం చేయాలో కింది కాండాన్ని బట్టి ఉంటుంది. కొసలు గుర్తించేది మారకుండానే కాండం మారవచ్చు. డు, ము, వు, లు ప్రథమా విభక్తి అని వల్లెవేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. రాముడు, రాముని, రామునితో, రామునికి: మనిషి ఒకడే. వాక్యంలో అతనికున్న పనిని చివరి అక్షరాలు చెబుతాయి. ప్రతిరక్షకాల్లో అటువంటి ప్రత్యయాలు అయిదు: ఐజీఎం, ఐజీడీ, ఐజీజీ, ఐజీఏ, ఐజీఈ.

ఐజీఎంను ప్రథమా విభక్తి అనుకోవచ్చు. కొత్త జబ్బుకు బి కణం మొదట స్రవించేది అదే. అయిదు వై అక్షరాలు జతకూడిన పెద్ద అణువు కనుక రక్తంలో బాగా పనిచేస్తుంది, కణజాలంలోకి అంతగా చొరబడలేదు. ఐజీజీ చొరబడగలదు, తల్లి నుంచి మాయను దాటి గర్భస్థ శిశువును చేరగలదు. ఐజీఏ పేగుల లోపొర మీద, లాలాజలంలో, తల్లిపాలలో ఉంటుంది. ఐజీఈ రక్తంలో అత్యల్పంగా ఉంటుంది; మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని నులిపురుగుల వంటి పరాన్నజీవుల పని పట్టడానికి తోడ్పడుతుంది. అదే ఐజీఈ పుప్పొడిని గుర్తిస్తే తుమ్ములు, ఉబ్బసం. వేరుసెనగ పప్పును గుర్తిస్తే, కొందరిలో, నిమిషాల్లో ప్రాణాపాయం.

ఏ ప్రత్యయం చేర్చాలో బి కణానికి చెప్పేవి సైటోకైన్లు. అమెరికాలో బెతెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో విలియం పాల్ ప్రయోగశాల 1982లో బి కణాల పెరుగుదలకు తోడ్పడే ఒక పదార్థాన్ని గుర్తించింది. తరువాత దానికి ఇంటర్‌ల్యూకిన్-4 అని పేరు స్థిరపడింది. క్లిఫర్డ్ స్నాపర్, పాల్ కలిసి 1987లో ప్రకటించిన ఒక ప్రయోగాన్ని, ఈ విషయం బోధించవలసి వచ్చినప్పుడల్లా, విద్యార్థులకు మొదట చెబుతాను. ఎలుక బి కణాలను గిన్నెల్లో పెట్టి, బాక్టీరియా పైపొరలో ఉండే ఒక పదార్థంతో ఉత్తేజపరిచారు. ఇంటర్‌ల్యూకిన్-4 కలిపినచోట ఐజీజీ1, ఐజీఈ పెరిగాయి. ఇంటర్‌ఫెరాన్ గామా కలిపినచోట ఐజీజీ2ఏ పెరిగింది. అంతేకాదు, ఒకదాని సూచనను రెండోది అణచివేసింది. కణాలు అవే, ఉత్తేజపరిచిన పదార్థమూ అదే. అందిన మాట వేరు.

మన రచయితలను ఒక ప్రశ్న అడుగుతాను. ఆ రెండు గిన్నెల్లో రోగనిరోధక శక్తి దేనిలో ఎక్కువ?

ప్రశ్నకు అర్థం లేదు. పేగులో పురుగున్న ఎలుకకు మొదటి గిన్నె మేలు, వైరస్ సోకిన ఎలుకకు రెండో గిన్నె మేలు. "రామునితో" అన్న మాట "రామునికి" అన్న మాట కంటె బలమైనదా అని వ్యాకరణ పండితుణ్ణి అడిగితే ఆయన మన ముఖం వంక ఎలా చూస్తాడో, శక్తి ఎంత అని అడిగితే బి కణం కూడా అలాగే చూస్తుంది.

సూచన లోపలికి పోయి ఏం చేస్తుందో కూడా ఇప్పుడు తెలుసు. ఇంటర్‌ల్యూకిన్-4 అందిన బి కణంలో స్టాట్6 అనే ప్రోటీను కేంద్రకంలోకి చేరి, జన్యుపాఠంలో ఐజీఈ కాండం రాసి ఉన్న చోటును తెరుస్తుంది. తెరుచుకున్న చోట ఏఐడీ అనే ఎంజైము డీఎన్ఏ అక్షరాలను మార్చి, తెగడానికి వీలు కల్పిస్తుంది. ఆ ఎంజైమును కనుగొన్నది జపాన్‌లో తసుకు హోంజో బృందం, 1999లో. మధ్యనున్న డీఎన్ఏ తెగి బయటపడుతుంది, మిగిలిన కొసలు అతుక్కుంటాయి. టీజీఎఫ్ బీటా అనే సైటోకైన్ ఇదే పద్ధతిలో ఐజీఏ వైపు నడుపుతుంది. తెగిపోయిన ముక్క తిరిగి రాదు కనుక ఐజీఈకి మారిన కణం మళ్లీ ఐజీఎంకు మరలలేదు. వ్యాకరణంతో నా పోలిక ఇక్కడ ఆగిపోతుంది. మాటకు విభక్తిని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పోలిక ఎక్కడ ఆగుతుందో చెప్పడం పోలిక తెచ్చినవాడి బాధ్యత. ఆ బాధ్యతను మన కోటల రచయితలు ఒక్కసారీ పాటించగా నేను చూడలేదు.

ఇక ఎక్కువ ఉంటే మేలు అన్న నమ్మకం సంగతి. హైపర్ ఐజీఎం అనే అరుదైన జబ్బుతో కొందరు మగపిల్లలు పుడతారు. సీడీ40 లిగాండ్ జన్యువులో లోపమే చాలామందిలో దీనికి కారణమని 1993లో తేలింది. అనుమతినిచ్చే ఆ తాకిడి లేకపోవడం వల్ల వారి బి కణాలు ఐజీఎం దగ్గరే నిలిచిపోతాయి. ఐజీఎం మామూలుగానో, మామూలు కంటె ఎక్కువగానో ఉంటుంది; ఐజీజీ, ఐజీఏ అతి తక్కువ. ఆ పిల్లలు ఒక న్యుమోనియా నుంచి మరో న్యుమోనియాలోకి పోతుంటారు. జీవితమంతా ప్రథమా విభక్తిలోనే మాట్లాడవలసి వచ్చిన మనిషికి గొంతు ఎంత పెద్దదైతే ఏం లాభం?

రెండో సాక్ష్యం మన దేశానికి తరతరాలుగా పరిచయమైన కుష్ఠువ్యాధి. దీనికి రెండు చివరలున్నాయి. ట్యూబర్‌క్యులాయిడ్ చివర ఉన్న రోగిలో మచ్చలు కొద్ది, బాక్టీరియా దాదాపు కనిపించవు. లెప్రమాటస్ చివర ఉన్న రోగిలో చర్మమంతా బాక్టీరియాతో నిండి ఉంటుంది. ప్రతిరక్షకాలు ఎవరిలో ఎక్కువ? రెండో రోగిలో. పుష్కలంగా ఉంటాయి, ఉండీ ఎందుకూ కొరగావు. ఆ బాక్టీరియా కణాల లోపల దాక్కుంటుంది, ప్రతిరక్షకాలు అక్కడికి పోలేవు. పైగా అవి కొన్నిసార్లు బాక్టీరియా శకలాలతో ముద్దకట్టి, జ్వరాలూ బాధాకరమైన గడ్డలూ తెచ్చిపెడతాయి. 1991లో అమెరికా పరిశోధకులు ఈ రెండు రకాల మచ్చల్లో సైటోకైన్లను పరిశీలించారు. మొదటి రకంలో ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్-2 ప్రధానం. రెండో రకంలో ఇంటర్‌ల్యూకిన్-4, 5, 10. ఒకే బాక్టీరియా, రెండు సంభాషణలు. లెప్రమాటస్ రోగిని "శక్తి లేనివాడు" అని మన పుస్తకం అంటుంది. అతని బి కణాలు రాత్రింబవళ్లు శ్రమిస్తూనే ఉన్నాయి. అందిన సూచన ఈ జబ్బుకు పనికివచ్చేది కాదు.

మూడోది పసిపిల్లల ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ వైరస్. 1960ల మధ్యలో ఆ వైరస్‌ను ఫార్మలిన్‌తో చంపి తయారుచేసిన టీకాను అమెరికాలో శిశువులకు ఇచ్చారు. టీకా పడిన పిల్లల్లో ప్రతిరక్షకాలు తయారయ్యాయి. తరువాత అసలు వైరస్ వచ్చింది. ఒక బృందంలో, టీకా వేసుకుని వైరస్ సోకిన పిల్లల్లో 80 శాతం ఆసుపత్రి పాలయ్యారు. పోల్చిచూసిన పిల్లల్లో 5 శాతం. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. ఆ ప్రతిరక్షకాలు వైరస్‌కు అతుక్కున్నాయి గాని దాన్ని సరిగా నిర్వీర్యం చేయలేకపోయాయి. టీ కణాల స్పందన కూడా తప్పుదారి పట్టి, ఊపిరితిత్తుల్లో వాపును పెంచిందని తరువాతి జంతు పరిశోధనలు చూపాయి. ఆర్‌ఎస్‌వీకి సురక్షితమైన టీకాలు 2023లో గాని రాలేదు. లెక్కలో పెరిగిన ప్రతిరక్షకం రక్షణ అవుతుందని భావించడం ఎంత ప్రమాదమో వైద్యలోకం ఇద్దరు బిడ్డలను పోగొట్టుకుని నేర్చుకుంది. ఆ పాఠం నేర్చుకున్న అరవయ్యేళ్లకు మనం ఇంకా "పెంచుకోండి" అని అచ్చువేస్తున్నాం.

నిజంగా పెరిగితే ఏమవుతుందో కూడా చూద్దాం. బి కణాలను ప్రతిరక్షకాలు స్రవించే దశకు నడిపే సైటోకైన్‌గా ఇంటర్‌ల్యూకిన్-6ను ఒసాకాలో కిషిమోతో, హిరానో బృందం 1986లో గుర్తించింది. గుండెలోని పై గదిలో మిక్సోమా అనే గడ్డ కొందరికి వస్తుంది. అది కేన్సర్ కాదు. అయినా ఆ రోగులకు జ్వరం, కీళ్ల నొప్పులు, రక్తంలో ప్రతిరక్షకాల పెరుగుదల, తమ శరీరం మీదికే తిరిగిన ప్రతిరక్షకాలు కనిపిస్తాయి. ఆ గడ్డ ఇంటర్‌ల్యూకిన్-6ను అదేపనిగా స్రవిస్తుందని తేలింది. గడ్డను కోసి తీసేస్తే లక్షణాలు తగ్గుతాయి. 1999లో బయటపడిన బాఫ్ అనే సైటోకైన్ బి కణాల మనుగడను కాపాడుతుంది. దాన్ని అధికంగా తయారుచేసేలా మార్చిన ఎలుకలకు లూపస్ వంటి జబ్బు వచ్చింది. బాఫ్‌ను అడ్డుకునే బెలిముమాబ్‌కు లూపస్ చికిత్స కోసం 2011లో అమెరికా అనుమతి లభించింది. ఇంటర్‌ల్యూకిన్-4 మాట బి కణానికి వినబడకుండా చేసే డుపిలుమాబ్‌ను తీవ్రమైన తామరకు, ఉబ్బసానికి ఈనాడు వాడుతున్నాం. నా వంటి ఆసుపత్రి వైద్యుడు చేతితో రాసే మందుల చీటీలు చూస్తే, "పెంచు" అన్న దానికంటె "తగ్గించు" అన్నవే ఎక్కువ కనిపిస్తాయి.

కోవిడ్ రోజులు గుర్తుచేసుకోండి. శక్తి పెంచే కషాయాల గురించి తెలుగు పత్రికలు పేజీలు నింపుతున్న కాలంలో, బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగం 2020 జూన్‌లో డెక్సామెథసోన్ ఫలితాలను ప్రకటించింది. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలను దాదాపు మూడో వంతు తగ్గించిన ఆ చవక మందు ఒక స్టెరాయిడ్. రోగనిరోధక చర్యను అణచే మందు. 2021లో అదే ప్రయోగం, ఇంటర్‌ల్యూకిన్-6 సూచనను అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇచ్చినప్పుడు, ఆసుపత్రిలో చేరి తీవ్రంగా ఉన్న రోగుల్లో 28 రోజుల మరణాలు 35 శాతం నుంచి 31 శాతానికి దిగాయని చూపింది. వార్డులో రోగిని బతికించడానికి మేము అణచుతున్నదాన్ని వార్డు బయట పుస్తకాలు పెంచమంటున్నాయి. ఈ రెంటి మధ్య చిక్కుకున్న పాఠకుడికి ఏ రచయితా జవాబు చెప్పలేదు.

ఇది పదాల మీద పట్టింపు మాత్రమే అయితే ఇంత రాయను. లూపస్, రుమటాయిడ్ కీళ్లవాతం, సోరియాసిస్, మార్పిడి చేసిన మూత్రపిండం ఉన్నవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. వారికి ప్రాణాధారమైన మందులన్నీ రోగనిరోధక చర్యను అదుపులో పెట్టేవి. వారి చేతికి ఈ పుస్తకం వస్తుంది. తమ డాక్టరు తమ శక్తిని తగ్గిస్తున్నాడని అందులో పరోక్షంగా తెలుసుకుంటారు. మాత్రలు ఆపి, కషాయం మొదలుపెడతారు. సెలవులకు స్వదేశం వెళ్లి వాచిన కీళ్లతో, దెబ్బతిన్న మూత్రపిండాలతో తిరిగివచ్చినవారిని ఇక్కడి నా తోటి వైద్యులు చూస్తూనే ఉన్నారు. కషాయం హానిలేనిదని కూడా అనుకోనక్కరలేదు. శక్తి కోసం తిప్పతీగ వాడిన తరువాత కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలను 2021లో ముంబై వైద్యులు ప్రకటించారు. ఆ జబ్బుకు ఆటోఇమ్యూన్ లక్షణాలున్నాయని గుర్తించారు. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ధారణను ఖండించింది. వివాదం ఉన్నదన్న సంగతైనా పాఠకుడికి చెప్పాలి గదా! నా అరలోని పుస్తకాల్లో ఒక్కటీ చెప్పలేదు.

ఈ సందర్భంలో మనం గర్వంగా తలుచుకునే ఒక పేరు ఉంది: భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు ఆయన నాయకత్వం వహించిన కాలంలోనే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. కేన్సర్ చికిత్స కోసం పుట్టిన మెథోట్రెక్సేట్‌ను కొద్ది మోతాదులో వారానికొకసారి ఇస్తే రుమటాయిడ్ కీళ్లు అదుపులోకి వస్తాయి. ఆ జబ్బుకు 1988లో అమెరికాలో అనుమతి లభించింది. ప్రపంచమంతటా లక్షలాదిమంది చేతివేళ్లు వంకరపోకుండా కాపాడుతున్న ఆ మందు రోగనిరోధక చర్యను తగ్గించేది. సుబ్బారావు విగ్రహానికి దండ వేసి, అదే సభలో శక్తి పెంచే పుస్తకాన్ని ఆవిష్కరించడం మనకు మాత్రమే చెల్లుతుంది.

నాకు ఎదురయ్యే అభ్యంతరాలు తెలుసు. శక్తికి సామర్థ్యం అనే అర్థం ఉంది, జ్ఞాపకశక్తి, జీర్ణశక్తి అంటున్నాం కదా అని భాషాభిమానులు అంటారు. నిఘంటువులో వారిదే న్యాయం. కాని నిఘంటువును చదివి ఎవరూ మందులు మానరు. సీసా మీద రాసిన అర్థమే ఇప్పుడు ఆ మాటకు వాడుకలో మిగిలింది.

సామాన్య పాఠకుడికి ఇంటర్‌ల్యూకిన్-4 ఎందుకన్నది మరో అభ్యంతరం. 2021 వేసవిలో సామాన్య పాఠకుడు సీటీ స్కోరు, డీ-డైమర్, సీఆర్‌పీ అనే మాటలను రెండు వారాల్లో నేర్చుకుని ఫోనులో బంధువులతో చర్చించాడు. అతని బుద్ధిని తక్కువచేసి చూసింది మనం. కఠినమైన శాస్త్రాన్ని వంకర పోనీయకుండా తెలుగులో చెప్పవచ్చని మహీధర నళినీమోహన్, వేమూరి వేంకటేశ్వరరావు వంటివారు ఎప్పుడో చూపించారు.

మూడో అభ్యంతరం గట్టిది. నిరోధకత నిజంగా బలహీనపడేవారు లేరా అన్నది. ఉన్నారు. తిండి చాలని పిల్లలు, హెచ్‌ఐవీ సోకినవారు, అదుపులేని మధుమేహం ఉన్నవారు, పుట్టుకతోనే లోపాలున్నవారు. వీరిలో ప్రతి ఒక్కరి లోపానికీ ఒక పేరుంది, ఆ పేరుకు తగిన చికిత్స ఉంది. పిల్లవాడికి కావలసింది పప్పు, గుడ్డు, పాలు. హెచ్‌ఐవీ రోగికి వైరస్ మందులు. ఐజీజీ లేని పిల్లవాడికి దాతల రక్తం నుంచి తీసిన ఐజీజీ. టీకా కూడా పెంచుతుంది. అయితే ఒక జబ్బు పేరు చెప్పి, ఆ జబ్బు వరకే పెంచుతుంది. ఎందుకో చెప్పకుండా, దేనినో చెప్పకుండా, అందరికీ ఒకే సీసాతో పెంచుతామనే మాటకు బి కణం దగ్గర ఆధారం లేదు.

అందుచేత నా కోరికలు ఇవి. రచయితలు "శక్తి" మాని "వ్యవస్థ" అని రాయాలి; రోగనిరోధక వ్యవస్థ అన్న మాట మనకు ఉండనే ఉంది, దానిని పెంచమని ఎవరూ అమ్మలేరు. సైటోకైన్లకు ఒక అధ్యాయం కేటాయించకుండా ప్రతిరక్షకాల గురించి రాయకూడదు. ప్రచురణకర్తలు కోటల పుస్తకాలను కొంతకాలం ఆపి, డేనియల్ డేవిస్ 2018లో రాసిన "ద బ్యూటిఫుల్ క్యూర్" వంటి పుస్తకాన్ని తెలుగు చేయించాలి. సైటోకైన్ల కథను నవలలా చదివించవచ్చని అది చూపుతుంది. రోగనిరోధకతను తగ్గించే మందులు వాడుతున్నవారు డాక్టరుతో మాట్లాడకుండా వాటిని ఆపరాదన్న వాక్యం ఇటువంటి ప్రతి పుస్తకంలోనూ మొదటి పేజీలో అచ్చుకావాలి.

సమీక్షకులను అడిగేది మరీ చిన్న పని. ఈ వరసలో పుస్తకం ఏది చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ప్రతిరక్షకాల్లో రకాలున్నాయని ఇందులో చెప్పారా? ఎక్కువైతే వచ్చే జబ్బుల పేర్లు ఒక్కటైనా ఉన్నాయా? "పెంచుకోండి" అన్న ప్రతి చోటా దేనిని, ఎవరికి, ఏ జబ్బు కోసం అని ఉందా? మూడింటికీ లేదనే జవాబు వస్తే, భాష ఎంత సరళంగా ఉన్నా, ఆ లేమిని సమీక్షలో మొదటి వాక్యంగా రాయండి. ఆ వాక్యం చదివి మాత్రలు మానకుండా ఉండే మనిషి ఒక్కరున్నా ఆ సమీక్ష వృథా కాదు.